పేనుకొరుకుడు: తప్పు పేనుది కాదు!

నంద్యాలలో బీటెక్ సెకండియర్‌లో ఉన్నప్పుడు నా తలలో రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడి నున్నగా అయిపోయింది. ఆళ్లగడ్డలో కటింగ్ షాపు అన్న చూసి "పేనుకొరుకుడు రా అబ్బీ" అన్నాడు. మా అవ్వ గురివింద గింజ అరగదీసి పూసింది. మంటే మిగిలింది. హాస్టల్లో అందరూ దువ్వెనలు దాచేసుకున్నారు. అదే ఎక్కువ బాధేసింది.

అసలు పేనుకి దీంతో సంబంధమే లేదు. దీని పేరు అలోపేషియా ఏరియేటా. వైరస్ సోకిన కణాలను చంపడం మన ఒంట్లోని సీడీ8 టీ సెల్స్ డ్యూటీ. వెంట్రుక కుదురు మామూలుగా వాటి కంటపడదు. ఆ రక్షణ పోతే శత్రువనుకుని దాని మీదే పడతాయి. యాంటీవైరస్ మన సొంత ఫైల్‌నే లేపేసినట్టన్నమాట!

కానీ కుదురు చచ్చిపోదు. అందుకే చాలామందికి జుట్టు మళ్లీ వస్తుంది. నాకూ వచ్చింది, ముందు తెల్లగా, తర్వాత నల్లగా. తీవ్రంగా ఉన్న పెద్దవాళ్లకి బారిసిటినిబ్ మాత్రను 2022లో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చేసింది. అది డాక్టర్ రాస్తేనే వాడాలి.

గురివిందలో అబ్రిన్ అనే విషం ఉంటుంది, పూయకండి. ఇది అంటుకునే జబ్బు కాదు. మీ ఫ్రెండ్‌కి వస్తే దువ్వెన దాచకండి, స్కిన్ డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి.