తాళంచెవి ఎవరి కొంగున ఉంటుంది?

(మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్లో పండిన పంటను ఊళ్లోనే శుద్ధి చేసుకోవాలి, లాభం ఊళ్లోనే మిగలాలి అనే మాట మనందరికీ నచ్చే మాటే. నేనూ దాన్ని కాదనను. అయితే అలాంటి మిల్లు కట్టేటప్పుడు మనం అడగకుండా వదిలేస్తున్న కొన్ని ప్రశ్నల గురించి ఈరోజు మాట్లాడదలచుకున్నాను.

జహీరాబాద్ ప్రాంతంలోని ఒక ఊళ్లో కొర్రల మిల్లు పెట్టాలనుకున్నప్పుడు నేను అక్కడ స్త్రీల పని గురించి వివరాలు సేకరిస్తున్నాను. నా ప్రశ్నావళిలో 'కుటుంబ పనిలో సహాయం' అని ఒక గడి ఉంది. ఎండబెట్టడం, దంచడం, చెరగడం అన్నీ అందులో నింపుకుంటూ పోయాను. పక్కన కూచున్న పెద్దామె అడిగింది: "సహాయం అని రాస్తున్నవ్, ఎవలకు సహాయం మేడం? గా పని మాదే గదా." సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసినదాన్ని, స్త్రీల శ్రమ కనబడకుండా చేసే గడిని నా చేతులతో నేనే గీశాను. ఆ రోజే దాన్ని కొట్టేశాను.

ఆ పని ఎలాంటిదో చూద్దాం. జొన్న, రాగి, సజ్జలకు గట్టి పొట్టు ఉండదు. కొర్ర, సామ, అరిక, ఊదలకు ఉంటుంది. అది వదలాలంటే రోట్లో పోసి దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. పొట్టు తీసిన గింజ ఎక్కువకాలం నిలవదు కాబట్టి ఎప్పటికప్పుడు దంచుకోవాలి. పొద్దంతా పొలం పని చేసి వచ్చిన ఆడమనిషి మీద ఇది అదనపు బరువు. చిరుధాన్యాలు వంటింటికి దూరం కావడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే రోలు, రోకలి గురించి కవిత్వం చెప్పడం నాకిష్టం ఉండదు. యంత్రం రావాలి. అది వస్తే ఎవరి బతుకు మారుతుందన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. వడ్లు దంచడం ఒకప్పుడు పేద స్త్రీలకు, ముఖ్యంగా ఒంటరి స్త్రీలకు కూలి ఇచ్చిన పని. మిల్లులు వచ్చాక ఆ పని పోయింది. దంపుడు పనికి కొంతైనా రక్షణ ఉండాలని 1958లో బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం తెచ్చారు. మిల్లుల విస్తరణను అది ఆపలేకపోయింది. 1997లో ఆ చట్టాన్నే రద్దు చేశారు. చాకిరీ తప్పింది, నిజమే. దాంతోపాటు కూలీ పోయింది. మిల్లులు మాత్రం మగవాళ్ల చేతుల్లోకి వెళ్లాయి.

ఆ ఊళ్లో మిల్లు గురించి పెట్టిన సమావేశంలో మొదటి మాటే, "సభ్యత్వానికి పట్టాదారు పాసు పుస్తకం తేవాలి" అన్నారు. ముందు వరసల్లో కూచున్న మగవాళ్ల జేబుల్లో అవి ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడ్డ స్త్రీలలో చాలామందికి లేవు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశం మొత్తం మీద కమతాలు నడిపేవాళ్లలో స్త్రీలు దాదాపు 14 శాతమే. పొలం పనిలో వాళ్ల వాటా ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు.

మీరు తప్పక గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒకటుంది. ఉత్పత్తిదారుల కంపెనీల నిబంధనలు 2002లో కంపెనీల చట్టంలో చేరాయి. ప్రాథమిక ఉత్పత్తికి సంబంధించిన ఏ పనిలో ఉన్నవారైనా ఉత్పత్తిదారులేనని అవి చెబుతాయి. పట్టా ఉండాలని ఆ నిర్వచనంలో లేదు. సభ్యులంతా వ్యక్తులే అయినప్పుడు వాటాలు ఎన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. అంటే కౌలుకు చేసే స్త్రీ, కూలికి వెళ్లే స్త్రీ కూడా సభ్యులు కావచ్చు. చట్టం తెరిచిన తలుపును ఆచారం మూసేస్తోంది.

డబ్బు సంగతీ అంతే. 2020లో మొదలైన చిన్న ఆహారశుద్ధి పరిశ్రమల కేంద్ర పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ పెట్టారు. అది బ్యాంకు రుణంతో ముడిపడినది. స్వయం సహాయక బృందాల సభ్యులకు మనిషికి 40 వేల వరకు మూలధనం కూడా పెట్టారు. కానీ షెడ్డు, యంత్రం వస్తే సరిపోదు. కోతల వేళ గింజ కొనడానికి చేతిలో డబ్బుండాలి. లేకపోతే పంట కళ్లం నుంచే వ్యాపారి బండి ఎక్కుతుంది, మిల్లుకు తాళం పడుతుంది.

ఇదే జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు, ఎక్కువగా దళిత స్త్రీలు, 1990లలో బీడు భూముల్ని సాగులోకి తెచ్చి, జొన్నలతో తమ సొంత చౌకధరల పంపిణీ నడిపారు. గింజ ఎవరి దగ్గర ఉండాలి, ముందు ఎవరు తినాలి అన్నది వాళ్లే తేల్చుకున్నారు. నా దృష్టిలో మిల్లు కన్నా ముందు జరగవలసిన పని అది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకుంది. పండించిన ఇంట్లో కొర్రన్నం లేకుండా పట్నానికి పొట్లాలు పంపితే అది మన విజయం కాదు.

ఆ ఊరి స్త్రీలు తీర్మానం మీద వేలిముద్ర వేయడానికి ఒప్పుకోలేదు. రెండు సమావేశాలు వాయిదా పడ్డాయి. మూడోసారి పాసు పుస్తకం షరతు తీసేశారు. ఇది చిన్న గెలుపు కాదు. అయినా ఈ రోజుకీ యంత్రం నడిపే కుర్రాడికి నెల జీతం, జల్లెడ పట్టే స్త్రీలకు రోజు కూలి. గింజ ఎండిందో లేదో పంట కింద కొరికి చెప్పగల నైపుణ్యానికి ఇంకా ధర కట్టలేదు. యంత్రం నడపడం స్త్రీలకు నేర్పడం ఇంకా మొదలుకాలేదు.

కాబట్టి మీ ఊళ్లో మిల్లు మాట వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారు? స్థలం ఎవరి పేరున ఉంది? గింజ కొనే డబ్బు ఎవరి సంతకంతో బయటికి వస్తుంది? యంత్రం ఎవరు నడుపుతారు? తవుడు, నూక ఎవరికి పోతాయి?

నా గడిని కొట్టేయించిన పెద్దామె చివరి సమావేశంలో లేచి అన్నది: "మిషిన్ రావాలె, నా రెక్కలు పోయినయ్. కానీ దాని తాళంచెవి ఎవల కొంగుకుంటదో ముందుగాల చెప్పుండ్రి." నేను ఇంతసేపు చెప్పింది ఆ ఒక్క మాటే.