రెండు బల్లల బ్రిడ్జి

పేకాట అనగానే ముఖము చిట్లించుకొను పెద్దలు మన ఇండ్లలో నేటికిని కలరు. వారిని తప్పుపట్టను. పేక చేతబట్టి పొలములు పోగొట్టుకొన్నవారి కథ లేని ఊరు అరుదు. నేను ఈపూట ముచ్చటింపబోవునది మాత్రము డబ్బుతో నిమిత్తము లేని ఆటను గూర్చి. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుట నేరమా కాదా అను వ్యాజ్యము సుప్రీముకోర్టు దాక పోయి, 1967 లో తీర్పు వెలువడినది. రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆట అనియు, అందలి అదృష్టము బ్రిడ్జిలో ముక్కలు పంచుటయందలి అదృష్టము వంటిదే అనియు న్యాయమూర్తులు భావించిరి. పోల్చి చూపుటకు వారికి తట్టినది బ్రిడ్జియే అగుట ఆ ఆటకు గౌరవము.

శ్రోతలు ఒక కాగితమును, పెన్సిలును దగ్గర ఉంచుకొందురుగాక. కొంతసేపటికి నాలుగు చేతుల ముక్కలను వరుసగా చెప్పవలసి యున్నది.

ఆట తెలియనివారి కొరకు రెండు మాటలు. నలుగురు ఆడుదురు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక పక్షము. ఒక్కొక్కరికి 13 ముక్కలు. నలుగురు తలకొక ముక్క వేయగా అది ఒక పట్టు. ఆటకు ముందు వేలంపాట ఉండును. ఎన్ని పట్టులు తెత్తుమో, ఏ జాతి తురుపుగా తెత్తుమో చెప్పి, హెచ్చు పాడినవారు ఆ మాట నిలుపుకొనవలెను. మొదటి ఆరు పట్టులు లెక్కకు రావు. కాబట్టి మూడు నో ట్రంపు అనగా తురుపు లేకుండ తొమ్మిది పట్టులు తెచ్చుట. ఎదిరిపక్షమువారు తొలి ముక్క వేయగానే, పాడినవాని భాగస్వామి తన ముక్కలన్నిటిని బల్లపై పరచి ఊరకుండును. ఆ పరచిన చేతికే డమ్మీ అని పేరు. ఇప్పుడు వాడుకలోనున్న లెక్కల పద్ధతిని 1925 లో హెరాల్డు వాండర్బిల్టు అను అమెరికా ధనవంతుడు ఒక ఓడప్రయాణములో రూపొందించెను.

ఒకనికి రాదగిన పదమూడు ముక్కల కూర్పులు 63,501 కోట్లకు పైగా ఉన్నవి. ఇంటిలో నలుగురు కూర్చుండి ఆడినచో, ఆసులు రాజులు వచ్చినవాడు గెలుచును, రానివాడు తన జాతకమును నిందించుకొనును. ఈ నింద లేకుండ చేయుటకే జట్టు పోటీ ఏర్పడినది. జట్టునకు నలుగురు, బల్లలు రెండు. మొదటి బల్లపై మన ఇద్దరు ఉత్తర దక్షిణములలో కూర్చున్నచో, రెండవ గదిలోని బల్లపై మన మిగిలిన ఇద్దరు తూర్పు పడమరలలో కూర్చుందురు. మొదటి బల్లపై ఆడిన ముక్కలనే, ఏ చేతివి ఆ చేతికే ఉంచి, రెండవ బల్లకు పంపుదురు. ఇక్కడ మనకు వచ్చిన మంచి ముక్కలు అక్కడ ప్రత్యర్థులకు వచ్చును. మిగులునది నేర్పులోని తేడా ఒక్కటే. బ్రిడ్జికి తల్లియైన విస్టు ఆటలోనే, 1857 లో, లండనులో హెన్రీ జోన్సు అను రచయిత ఇట్టి పరీక్ష నొకదానిని జరిపించెను. మంచి ఆటగాండ్రును, సామాన్యులును అవే ముక్కలతో ఆడగా మంచివారే గెలిచిరి. వినుటకు వింత కాదుగాని, అదృష్టమే సర్వమని వాదించువారికి అది గట్టి సమాధానము.

ఇక పాట సంగతి. జట్టు పోటీలో పిరికితనము ఖరీదైనది. ముక్కల బలమును ఆసునకు 4, రాజునకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కింతురు. పేక మొత్తమునకు 40. ఇద్దరికి కలిపి 25 ఉన్నచో మూడు నో ట్రంపు పాడుట పరిపాటి. 24 ఉన్నప్పుడే చిక్కు. రెంటితో ఆగుదమా, మూడు పాడుదమా? వల్నరబుల్ అను స్థితిలో, అనగా గెలుపునకు బహుమానమును ఓటమికి దండనయు హెచ్చుగా ఉన్నప్పుడు, మూడు పాడి తొమ్మిది పట్టులు తెచ్చిన 600 వచ్చును. రెంటితో ఆగి ఆ తొమ్మిదే తెచ్చిన 150. తేడా 450, జట్టు లెక్కలోనికి మార్చిన 10 పాయింట్లు. ఎనిమిది పట్టులే వచ్చినచో మూడు పాడినవాడు 100 పోగొట్టుకొనును, రెండు పాడినవానికి 120 వచ్చును. తేడా 220, జట్టు లెక్కలో 6 పాయింట్లు. గెలిచిన పది, ఓడిన ఆరు. కావున నూటికి 37.5 వంతుల ఆశ ఉన్నను పాడుటయే లాభము. సగమునకు సగమైనను ఆశ లేనిదే అడుగు వేయరాదని తలచు సంసారపక్షపు ఆటగాడు ఏడాది పొడవునను కొద్దికొద్దిగా ఓడుచుండును. ఎందుకు ఓడెనో అతనికి తెలియదు.

పాట ముగిసిన పిదప పడమటివాడు తొలి ముక్క వేయవలెను. డమ్మీ ఇంకను కనబడలేదు. చూచునది తన పదమూడు ముక్కలే. విన్నది పాట మాత్రమే. అయినను ఆ పాటలో ఎంతయో ఉన్నది. దక్షిణమువాడు ఒకటి నో ట్రంపు పాడెను, ఉత్తరమువాడు తిన్నగా మూడు నో ట్రంపు పాడెను అనుకొనుడు. మన చేతిలో ఇస్పేటు జాకీ, 10, 6. ఆఠీను 5, 3. డైమను 8, 7, 5, 4, 2. కళావరు 8, 6, 3. పొడుగు జాతిలో నాలుగవ ముక్క వేయుమని పాఠము. ఆ పాఠము ప్రకారము డైమను 4 వేయువారే పదింట తొమ్మిదిమంది. డైమనులను పండించుకొనుటకు రెండు మూడు మారులు చేయి దక్కవలెను గదా! జాకీ తప్ప గుడ్డిగవ్వ లేని ఈ చేతికి అది ఎట్లు దక్కును? ప్రత్యర్థులకు 26 వరకు ఉన్నచో, మనకు 1 పోగా, భాగస్వామి చేతిలో 13 ఉండవలెను. ఉత్తరమువాడు ఇస్పేటును గాని ఆఠీనును గాని వెదకలేదు. కాబట్టి భాగస్వామి పొడుగు జాతి ఆ రెంటిలో ఒకటి అగుట సంభావ్యము. ఇస్పేటు జాకీ వేయవలెను. అది ప్రతిసారి ఫలింపదు. డైమను 4 మాత్రము దాదాపు ఎన్నడును ఫలింపదు.

డిఫెన్సు, అనగా పాడినవానిని ఎదిరించి ఆడుట, ఈ ఆటలో మిక్కిలి కష్టమైన భాగము. పాడినవాడు తన ముక్కలను, డమ్మీ ముక్కలను రెంటిని చూచుచు ఒక్కడే ఆలోచించును. ఎదిరించువారు ఇద్దరు, వారి నడుమ బల్ల. మాటాడరాదు, దగ్గరాదు, కనుసైగ చేయరాదు. 1975 లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ పోటీలో భాగస్వాముల నడుమ తెర నిలువబెట్టుట మొదలిడిరి. ఒకరి ముఖమొకరు చూడరాదని దాని భావము. ఆ తెర కిందుగా కాలితో సంజ్ఞలు చేసిరని అదే పోటీలో గొడవ పుట్టుట వేరు సంగతి. న్యాయమైన భాష ఒక్కటే ఉన్నది, అది వేసిన ముక్క. పాడినవాడు ఒక జాతిని ఆడుచున్నప్పుడు, మన చేతిలో ఆ జాతి ముక్కలు రెండున్నచో పెద్దది ముందు, చిన్నది తరువాత వేయుదుము; మూడున్నచో అన్నిటికంటె చిన్నది ముందు వేయుదుము. ఇది రహస్యము కాదు. అడిగినచో ప్రత్యర్థులకును చెప్పవలసినదే.

ఇప్పుడు పెన్సిలు తీసికొనుడు. మా ఊరి క్లబ్బులో చాల ఏండ్ల క్రిందట జరిగిన ఒక జట్టు పోటీలోని చివరి చేతిని చెప్పెదను.

దక్షిణము: ఇస్పేటు ఆసు, రాజు, 6; ఆఠీను ఆసు, రాజు, 5; డైమను 9, 6, 3; కళావరు ఆసు, రాజు, 7, 4.

ఉత్తరము, అనగా డమ్మీ: ఇస్పేటు 7, 4, 2, ఆఠీను 8, 6, 3, డైమను రాజు, రాణి, జాకీ, 10, 5, కళావరు 6, 5.

పడమర: ఇస్పేటు రాణి, జాకీ, 10, 9, 5, ఆఠీను 10, 7, 4, డైమను 7, 2, కళావరు రాణి, 9, 3.

తూర్పు: ఇస్పేటు 8, 3; ఆఠీను రాణి, జాకీ, 9, 2; డైమను ఆసు, 8, 4; కళావరు జాకీ, 10, 8, 2.

దక్షిణమువాడు 21 పాయింట్లతో రెండు నో ట్రంపు పాడెను, ఉత్తరమువాడు మూడు చేసెను. రెండు బల్లలపైనను పాట ఇదే, తొలి ముక్కయు ఇస్పేటు రాణియే. పాడినవానికి ఇస్పేటు, ఆఠీను, కళావరులలో జాతికి రెండు చొప్పున ఆరు పట్టులు సిద్ధముగా ఉన్నవి. మిగిలిన మూడును డైమనులలోనే రావలెను. డమ్మీకి డైమనులు తప్ప వేరు దారి లేదు. కాబట్టి తూర్పువాడు తన ఆసుతో ఎప్పుడు పట్టవలెనన్నదే ప్రశ్న. దక్షిణమువాని చేతిలో ఎన్ని డైమనులున్నవో అన్ని మారులు ఆడువరకు ఆగి, ఆ చివరి మారు పట్టినచో డమ్మీలో మిగిలిన డైమనులు బావిలో పడినట్లే. ఒక మారు ముందు పట్టినచో, దక్షిణమువాని వద్ద డమ్మీకి పోవు దారి మిగిలియుండును. ఒక మారు ఆలస్యమైనచో పాడినవానికి ఒక పట్టు ఊరక దక్కును. దక్షిణమువానికి రెండా, మూడా? ఆ రహస్యము పడమటివాని మొదటి డైమనులో ఉన్నది. రెండవ మారు డైమను డమ్మీ చేతినుండి వచ్చును గనుక, పడమటివాడు రెండవ ముక్క వేయకముందే తూర్పువాడు నిశ్చయించుకొనవలెను.

రెండవ గదిలో ప్రత్యర్థుల పడమటివాడు డైమను 7 వేసెను. పెద్దది ముందు, కావున రెండే. తూర్పువాని చేతిలో మూడు, డమ్మీలో ఐదు, పడమట రెండు పోగా దక్షిణమున మూడు. అతడు రెండు మారులు ఓర్చుకొని మూడవ మారు ఆసు వేసి, ఇస్పేటు తిరుగవేసెను. మావాడు ఎంత పెనుగులాడినను ఎనిమిది పట్టులే వచ్చినవి.

మొదటి బల్లపై పడమట కూర్చున్నది నేను. నాకు ఎదుట, తూర్పున, అరువదేండ్లు దాటిన ఒక ప్లీడరుగారు. బ్రిడ్జిలో ఆ వయసు వయసు కాదు. 2018 లో జకార్తా ఏషియా క్రీడలలో పురుషుల జంటల స్వర్ణపతకమును మన దేశమునకు తెచ్చిన ప్రణబ్ బర్ధనుగారికి అప్పుడు 60 ఏండ్లు. ప్లీడరుగారు మాటలలో ఎంత పొదుపరులో ముక్కలు చదువుటలో అంత సూక్ష్మగ్రాహులు. దక్షిణమువాడు డైమను 3 వేసెను. నేను డైమను 2 వేసితిని.

ప్లీడరుగారు ఆ రెండును చూచిరి. అన్నిటికంటె చిన్నది ముందు, కావున మూడు. పడమట మూడైనచో దక్షిణమున రెండు. రెండవ మారు డమ్మీనుండి రాణి రాగానే వారు తడుముకొనక ఆసు వేసిరి. అప్పుడు నా చేతిని చూచుకొని డైమను 7 వేసితిని. అది అంతవరకు ఆఠీను 7 ప్రక్కన, ఎర్రముక్కలలో ఎర్రముక్కయై, దాగి యుండెను. నాకు ఆఠీనులు నాలుగు, డైమను ఒక్కటి అనుకొంటిని. దక్షిణమువాడు నవ్వుచు డైమను 9 తో డమ్మీకి పోయి మిగిలిన మూడు డైమనులను వరుసగా తీసెను. పది పట్టులు.

వారికి ఇక్కడ 630, అక్కడ మావాడు ఓడిన 100, వెరసి 730. జట్టు లెక్కలో 12 పాయింట్లు. అంతవరకు మేము 7 పాయింట్లు ముందున్నాము. 5 పాయింట్లతో ఓడితిమి. లెక్కలు చూచుకొనునప్పుడు మా జట్టులోని మూడవవాడు, కుర్రవాడు, ఉండబట్టలేక, "రెండవ మారే ఆసు వేసితిరేమండీ? ఇంకొక్క మారు ఆగినచో గెలిచెడివారము గదా!" అని ప్లీడరుగారిని అడిగెను.

"పొరబడితిని నాయనా," అనిరి ప్లీడరుగారు.

నేను అక్కడనే ఉన్నాను. నోరు మెదపలేదు. కాఫీ వచ్చినది, త్రాగితిని. గెలిచినవారికి నమస్కారములు చెప్పితిమి. ఇంటిదారిలో నాలుగు వీధులు ఇద్దరము కలిసి నడువవలెను. మూడవ వీధి మలుపున చెప్పివేసితిని: ఏడు ఆఠీనులలో కలిసిపోయినదనియు, తప్పు నాదనియు.

"తెలియును," అనిరి వారు. "నీవు రెండవ మారు ఏడు వేసినప్పుడే తెలిసినది."

"మరి అందరి ఎదుట మీరేల పొరబడితినంటిరి?"

"నీవు చెప్పుదువేమో అని చూచితిని," అనిరి. ఆ మాటలో కోపము లేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు సాయంకాలము క్లబ్బునకు ముందుగా పోయి, ఆ కుర్రవానికిని నాలుగవవానికిని జరిగినది జరిగినట్లు చెప్పితిని. అప్పటికే ప్లీడరుగారు వచ్చి తమ కుర్చీలో కూర్చుండి యుండిరి. వినుచున్నారో లేదో ముఖము చూచి తెలిసికొనుట ఎవరి తరము కాదు. పేక కలిపి పంచిరి. నా పదమూడు ముక్కలను చేతిలోనికి తీసికొనబోవుచుండగా వారు తలయెత్తకయే, "ఎర్రవాటి నడుమ ఒక నల్లజాతిని పెట్టుము నాయనా," అని, తమ ముక్కలు విప్పుకొనిరి.