పాటకు హక్కుపత్రము

దంతాలపల్లి ప్రాంతమున పాట కట్టెడి కవులు తమ కృతికి తామే స్వాములని ఎరుగవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి, రచన కాగితముపై రూపుదాల్చిన క్షణముననే హక్కు కర్తకు సిద్ధించి, ఆతని జీవితకాలమును, తదనంతరము 60 సంవత్సరములును నిలుచును. నమోదు నిర్బంధము కాదు గాని, వివాదమున సాక్ష్యమగును. చుక్క సత్తయ్యగారి వంటి ఒగ్గుకథకులు వెలసిన జనగామ సీమలో, పాడువానికిని ప్రదర్శనహక్కు 50 ఏండ్లు గలదనుట ముదావహము. అన్నింటికంటె ఒప్పందమున జాగరూకత వలయును: హక్కు బదిలీ లిఖితపూర్వకమై, సంతకముతో నుండినగాని చెల్లదు, గడువు వ్రాయనిచో 5 సంవత్సరములకే పరిమితము. సినిమాలో చేరిన పాటకు, సినిమాహాలులో ప్రదర్శన తప్ప ఇతర వినియోగములపై వచ్చు రాయల్టీలో తన సమభాగమును, 2012 సవరణ పిమ్మట, రచయిత వదలుకొన జాలడు. ఇది మిక్కిలి న్యాయమైన నిబంధన. కావున కవిమిత్రులారా, తేదీ వేసిన వ్రాతప్రతిని భద్రపరచుకొనుడు. గడువును, ప్రతిఫలమును చదివించుకొనిన పిదపనే సంతకము చేయుడు.