పెరటిలో పెండ్లి

గత వైశాఖమున తెనాలి చేరువనున్న ఒక గ్రామములో మా అక్కయ్యగారి రెండవ అమ్మాయి వివాహము వారి ఇంటి పెరటిలోనే జరిగినది. పిలిచినది నూటయిరవై మందిని మాత్రమే. ఈ మాట చెప్పగానే మిత్రులు కొందరు, “ఖర్చు కలిసివచ్చినదా?” అని అడిగినారు. కలిసివచ్చినది. కాని సంగతి అంతతో తీరలేదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు శ్రోతలతో చెప్పదలచినాము.

పెద్దమ్మాయి పెండ్లి పట్టణములో కల్యాణమండపమున జరిగినది. వచ్చినవారు ఎనిమిది వందలు. నాటి అప్పునకు బావగారు నేటికిని వడ్డీ కట్టుచున్నారు. రెండవ పెండ్లికి ఎకరము పొలము తాకట్టు పెట్టుటకు సిద్ధపడగా, అడ్డుపడినది పెండ్లికూతురే. “నాయనమ్మ మంచము దిగలేదు, కారెక్కలేదు. నాయనమ్మ చూడని పెండ్లి నాకెందుకు మామయ్యా?” అని మాతో అన్నది. బావగారి తల్లి తొంబది దాటిన మనిషి. బావగారు మారు పలుకలేదు గాని, “ఇంట చేసినచో చేతగాక చేసినారందురు” అని మరునాటి వరకు గొణుగుచునే యున్నారు. ఇది చిన్న మాట కాదు. మన గృహస్థులలో పెక్కుమంది అప్పు చేయునది ఈ ఒక్క మాటకు వెరచియే.

ఇంతలో పెద్దమ్మాయి, “అయితే అప్పంతయు నా పెండ్లిదేనన్నమాట” అన్నది. నవ్వుచునే అన్నది గాని అక్కయ్య కన్నులు తుడుచుకొన్నది. ఆ సాయంత్రమే డబ్బుపెట్టె తాళము పెద్దమ్మాయి చేతికిచ్చినాము. ఆ పెండ్లి జమాఖర్చు మొత్తము ఆమె వ్రాసినదే.

ఇంటిపెండ్లి కొత్త సంగతి కాదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు ఊరిలో వెలి భయము. పనివారు మానుకొనగా ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీరు తెచ్చి వంట చేసినారు. విద్యార్థులును, కొందరు మిత్రులును అండగా నిలిచినారు. ఊరు కాదన్న పెండ్లి నిలిచినది ఆ కొద్దిమంది చేతులతోనే. మాకట్టి కష్టమేమియు లేదు. పొగతోనే మా తంటా.

పెరడు కొలిపించి నలుబది అడుగుల పొడవు, ఇరువదినాలుగు అడుగుల వెడల్పున తాటాకు పందిరి వేయించినాము. ఈశాన్యమున పందిరిరాట పాతి, పసుపుకుంకుమలు పెట్టి, మామిడాకులును నవధాన్యముల మూటయు కట్టినారు. గాడిపొయ్యి మాత్రము ఆగ్నేయమూలనే త్రవ్వవలెనని పెద్దల పట్టు. ఆ ఋతువులో అక్కడ వీచునది దక్షిణపు గాలి. పొగయు, నిప్పురవ్వలును తిన్నగా పందిరి మీదికే పోవును. శాస్త్రమా, తాటాకా అని అరగంటసేపు వాదము నడిచినది. తుదకు తూర్పువైపు పొరుగువారు మధ్యనున్న తడిక విప్పి, తమ దొడ్డిలో త్రవ్వుకొమ్మన్నారు. అది వారి దొడ్డికి ఆగ్నేయమే గనుక పెద్దలును సమ్మతించినారు. అయినను పొయ్యి దగ్గర నీళ్ల పీపాలు రెండు, ఇసుక బస్తా ఒకటి ఉంచినాము.

అన్నిటికంటె కష్టమైనది పిలుపుల జాబితా. పందిరి ఒకనాటిలో లేచును, జాబితాకు మాకు పదునొకండు రోజులు పట్టినది. ఎవరిని పిలువవలెనన్న ప్రశ్న తేలికే. ఎవరిని మానవలె? ఒక తాత బిడ్డలను పిలిచి, ఆ తాత తమ్ముని బిడ్డలను మానుట ఎట్లు? మేము ఒక నియమము పెట్టుకొన్నాము: గడచిన సంవత్సరములో ఈ ఇంటికి వచ్చి మంచినీళ్లయినను త్రాగిన వారందరు మనవారు. బాగుగనే పనిచేసినది. కాని ఆ నియమము ప్రకారము మొదటి వరుసలో ఉండవలసిన ఒక బాబాయిగారి పేరు జాబితా తిరుగవ్రాయుటలో జారిపోయినది. వ్రాసినది మేమే. పెండ్లికి రెండు రోజుల ముందు తెలిసినది. అక్కయ్యయు మేమును వెళ్లి గుమ్మములో నిలుచున్నాము. ఆయన పత్రిక చదువుచు తల ఎత్తలేదు. తప్పు మాదేనని చెప్పినాము; సాకు చెప్పలేదు. చాలసేపటికి, “విస్తళ్లు ఎవరు చూచుచున్నారు?” అని అడిగినారు. ఇంకను ఎవరును చూచుట లేదు. “మరి ఆ మాట ముందే అడుగరాదా?” అని కండువా వేసుకొని మాతోనే బయలుదేరినారు.

వంటకు ఒక్క పెద్దవంటవానిని కుదిర్చినాము. తక్కిన చేతులన్నియు బంధువులవే. ముందురాత్రి ఇరువదిమంది కూర్చుండి కందయు బచ్చలియు తరుగుచు, బూరెలకు పూర్ణము ఉండలు కట్టుచు చెప్పుకొన్న కబుర్లు పెండ్లి మంత్రములకంటె ఎక్కువసేపు సాగినవి. పులిహోరకు గాక అన్నమునకు పదునైదు కిలోల బియ్యము పోయించినాము, కొంత మిగిలినది. ఎదురెదురు వరుసలుగా బంతికి నలుబదిమంది, మూడు బంతులు. ఒక చిన్న సలహా: వడ్డించువారికి మొదటి బంతిలోనే భోజనము పెట్టవద్దు, చివర బంతికి ఒకరును కనబడరు. మేము అనుభవించి చెప్పుచున్నాము.

మరియొక సంగతి. ఆంధ్రప్రదేశములో 2002 నాటి చట్టముచే వివాహ నమోదు తప్పనిసరి. ఇంటిపెండ్లికి మండపము రసీదు ఉండదు గనుక శుభలేఖయు, ఛాయాచిత్రములును భద్రపరచుకొనుట మేలు.

పెండ్లినాడు నాయనమ్మ మంచమును వెనుకవసారాలో పందిరికెదురుగా వేసినారు. జీలకర్రబెల్లము వేళకు పెండ్లికూతురు తెరచాటునుండి అటే చూచుచున్నది. ఆమె లేవనెత్తిన చేయి చాలసేపు దించలేదు. బావగారు అది చూచి పందిరి గుంజ పట్టుకొని నిలుచున్నారు. వియ్యాలవారిలో ఒకరు, “ఇంత దగ్గరగా పెండ్లి చూచి ఎన్నాళ్లయినది!” అని ఆయనతో అన్నప్పుడు ఏమియు బదులు చెప్పలేకపోయినారు.

తరువాత మూడురోజులు అరువు తెచ్చిన సామాను తిరిగి చేర్చుటతో సరిపోయినది. గుండిగలకు, గోకర్ణములకు ఇంటికొక రంగుదారము కట్టియుంచుట పెద్దమ్మాయి ఉపాయము. అన్నియు చేరినవి. దారము ఊడిపోయిన ఇత్తడి గరిటె ఒక్కటి మాత్రము అక్కయ్య వంటయింటి చిలుకకొయ్యకు వ్రేలాడుచున్నది. అది ఎవరిదో ఇంతవరకు తేలలేదు. ఆ ఇంటివారు ఈ ప్రసంగము వినుచున్నచో కబురు చేయవలెను.