మీట నొక్కినా పలుకని యంత్రం

సినిమాలను, పాటలను తనలో దాచుకొని టెలివిజన్ తెరపై చూపే కంప్యూటర్ నేడు కొందరి ఇండ్లలో ఉన్నది. మా ఇంటిలోనూ ఒకటి ఉన్నది. దానికి నలుబది మీటల రిమోట్ ఒకటి. వానిలో మాకు పనికివచ్చేవి ఐదో ఆరో. తక్కినవాని ప్రయోజనం నాకు నేటికీ బోధపడలేదు.

ఒకనాటి సాయంత్రం మా అమ్మగారు అన్నమాచార్య కీర్తన వినగోరి, రిమోట్ అందుకొని మీట నొక్కినారు. యంత్రం పలుకలేదు. మళ్ళీ నొక్కినారు, గట్టిగా నొక్కినారు, లేచి దగ్గరకు వెళ్ళి నొక్కినారు. కొంతసేపటికి ఆ నొక్కులన్నీ ఒక్కసారిగా ఫలించినవి. ధ్వని ఇల్లు అదిరేటట్లు పెరిగినది. కీర్తన దాటిపోయి మరేదో సినిమా మొదలైనది. నేను వచ్చేసరికి ఆమె రిమోట్‌ను బల్లమీద పెట్టి, "పాడుచేశాను కాబోలు నాయనా, ఇక దాని జోలికి పోనులే" అన్నారు. ఒకప్పుడు రేడియో ముల్లును కోరిన స్టేషనుపై నిలిపి ఇంటిల్లిపాదికీ వినిపించిన చేతులవి. ఆ మాటకు నా మనస్సు చివుక్కుమన్నది.

తప్పు ఆమెది కాదు. రిమోట్ ముక్కున ఉండే చిన్న దీపం కంటికి కానరాని పరారుణ కాంతిని పంపుతుంది. సాధారణంగా సెకనుకు 38,000 సార్ల చొప్పున మిణుకుమనే ఆ కాంతి విడతలు విడతలుగా వెలువడి, ఒక్కొక్క మీటకు ఒక్కొక్క సంకేతం అవుతుంది. పంపడమే గాని, అది చేరినదో లేదో తెలిసికొనే చెవి ఇటువంటి రిమోట్‌కు లేదు. మైకు ముందు కూర్చుండే నాకు ఈ అవస్థ క్రొత్త కాదు!

పాతకాలపు టెలివిజన్‌కు ఒకటే పని కనుక సంకేతం అందగానే పలికేది. కంప్యూటర్ అట్లు కాదు. ఆనాడు మా యంత్రం తన ప్రోగ్రాములను సరిక్రొత్త చేసికొనే పనిలో మునిగి ఉన్నది. అమ్మగారి నొక్కులు వరుసలో నిలిచి, ఆ పని తెమలగానే ఒకదాని వెంట ఒకటి అమలైనవి. ఇంకొకప్పుడు ఏదో ప్రకటన తెరకు అడ్డంగా నిలుస్తుంది. నొక్కినవన్నీ దానికే చేరుతాయి. దానిని తొలగించడానికి మౌస్ వెదకుకోవలె.

ఇటువంటి చిక్కులు రిమోట్‌తోనే పుట్టినవి. 1955లో అమెరికాలో జెనిత్ సంస్థకు చెందిన యూజీన్ పాలీ కాంతితో పనిచేసే రిమోట్‌ను రూపొందించినాడు. ఎండ పడితే చాలు, టెలివిజన్ తనంతట తానే స్టేషను మార్చేది. మరుసటి యేడు అదే సంస్థ రాబర్ట్ ఆడ్లర్ రూపొందించిన రిమోట్‌ను విడుదల చేసినది. అందులో చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టగా, మనిషి చెవికి అందని ధ్వని పుట్టి టెలివిజన్‌ను నడిపేది. బ్యాటరీ లేదు, కడ్డీలు నాలుగే. నొక్కగానే 'టక్కు'మనేది, ఆ చప్పుడే వ్రేలికి భరోసా.

ఆ భరోసాను మనమే కొంత కల్పించుకోవచ్చును. రిమోట్‌ను సెల్‌ఫోన్ కెమెరా ఎదుట పెట్టి మీట నొక్కితే, చాలా ఫోన్లలో దీపం లేత ఊదారంగున మెరుస్తుంది. మెరిసినదంటే కాంతి వెలువడుతున్నట్లే. లోపాన్ని అవతల వెదకవలె. కంప్యూటర్ తన మరమ్మతులను రాత్రివేళ చేసికొనేటట్లు, తెరవగానే పాటల ప్రోగ్రామే ముందు నిలిచేటట్లు అమర్చవచ్చును. నొక్కిన తరువాత ఐదు లెక్కపెట్టి గాని మళ్ళీ నొక్కరాదు.

నేను ఇవన్నీ చేసి, అక్కరలేని మీటలపై కాగితం అంటించి, ఐదింటిని మాత్రం విడిచిపెట్టినాను. అమ్మగారు చూచి ఏమీ అనలేదు. మొన్న తెల్లవారుజామున హాలులోనుండి కీర్తన వినిపించినది. తక్కినవారమందరమూ ఇంకా పక్కలమీదనే ఉన్నాము.