రెండాకుల కథ: కృష్ణపక్షము చదువు తీరు



మన బేర్ సరాయ్ పుస్తకాల దుకాణములలో సివిల్ సర్వీసు పరీక్షల నోట్సులు కట్టలు కట్టలుగా అమ్ముడుపోవుచుండును. తెలుగు సాహిత్యమును ఐచ్ఛికముగా గైకొన్న మన బిడ్డలకు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి ‘కృష్ణపక్షము’ పాఠ్యము. ‘ఊర్వశి’, ‘ప్రవాసము’ మాత్రము మినహాయింపు. (ప్రవాసులమైన మనకు ప్రవాసము వేఱే చెప్పనక్కఱలేదని కాబోలు!) వారిలో పలువురు షెల్లీ ప్రభావము, భార్యావియోగము, పలాయనవాదము అను మూడు మాటలతో కావ్యమును ముగించుచున్నారు. మార్కులు రావచ్చును, కవిత మాత్రము చేజారును.

అందలి అడవిపాటను చూడుడు. 1982లో ‘మేఘసందేశము’ చిత్రమున సుశీలగారి గళములో మనమందఱము విన్నదే. కవి ఆ వనములో ఆకుగా, పూవుగా ఒదిగి నిలిచిపోగోరును. దీనిని మృత్యుకాంక్ష యందురు కొందఱు. శాస్త్రిగారు 1897లో జన్మించిరి. 1920లో చికిత్సకై రైలులో బళ్ళారికి పోవుచుండగా దారిలోని ప్రకృతియే ఈ కావ్యమునకు ప్రేరణయైనదని ప్రసిద్ధి. భార్యావియోగము 1922లో, గ్రంథప్రచురణ 1925లో. కావున బీజము పడునాటికి ఆ దుఃఖ మింకను రాలేదు. వైద్యునికొఱకు పోవుచు, కదలుచున్న బండిలో కూర్చున్న యువకునికి, కిటికీ కవతల కదలక నిలిచిన చెట్టు ఎట్లు కనబడునో ఊహింపుడు.

ఇక షెల్లీ. 1819లో ఫ్లారెన్సు సమీపమున పడమటిగాలిని సంబోధించుచు ఆయనయు ఆకు కాగోరెను. కాని ఆ యాకు రాలినది, ఎండినది. గాలి దానిని ఎత్తుకొనిపోవలెను. కవి మృతభావములను లోకమున వెదజల్లి క్రొత్త పుట్టుక మొలిపింపవలెను. శాస్త్రిగారిది కొమ్మనున్న పచ్చని యాకు. దానికి ప్రయాణము వలదు. ‘ఆంధ్ర షెల్లీ’ యను బిరుదు వినినప్పుడెల్ల నాకు ఈ రెండాకుల భేదము తోచుచుండును.

ఆగిపోవు కోరికకు దగ్గఱి చుట్టము కీట్సు. 1818 డిసెంబరులో తమ్ముడు టామ్ క్షయతో మరణించెను. మఱుసటి యేడు నైటింగేలు పాట వినుచు ఆ కవి సుఖమరణమును తలపోసెను. మరణించినచో ఆ పాట తనకు వినబడదు గదా యనియు గ్రహించెను. 1821లో, ఇరువదియైదవ యేట, రోమునగరమున తానును ఆ వ్యాధితోనే గతించెను. శాస్త్రిగారికి ఆ చిక్కు లేదు: ఆయన చచ్చి మట్టి కాగోరలేదు, బ్రతికి ఆకు కాగోరిరి. పైగా కోరిక యంతయు ప్రశ్నరూపమున నున్నది. అడవిని సెలవడిగినట్లే గాని నిశ్చయము చెప్పినట్లు లేదు. 1963లో గొంతు పోయినను, కాగితముపై మాటలాడుచు, పాటలు వ్రాయుచు, 1980 వఱకు ఆయన జీవించిరి.

పరీక్షకు చదువు బిడ్డలు నోట్సు మూసి, ఈ మూడు గీతములను ఒకే పూట బిగ్గఱగా చదువుకొందురు గాక. ఇంటివారు కూడ వినవచ్చును. ఆపైని ‘పలాయనము’ అని వ్రాయదలచినచో, ఎవరు ఎచ్చటినుండి ఎచ్చటికి పలాయనమైరో రెండు వాక్యములు చేర్చవలెను.