కూరగాయలు పెంచితే కడుపు ఉబ్బుతుందా?



పటాన్‌చెరు కార్మిక వాడల్లో మేము తరచూ వినే మాట ఇది: "డాక్టరు చెప్పారని పండ్లు, ఆకుకూరలు మొదలుపెట్టాం. మూడు రోజులకే కడుపుబ్బరం, గ్యాస్. మానేశాం."

చాలామందిలో అది జబ్బు కాదు. పీచు మన జీర్ణరసాలకు అరగదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. గ్యాస్ అక్కడే పుడుతుంది. అలవాటు లేని కడుపులో ఒక్కసారిగా పీచు పడితే ఉబ్బరం తప్పదు. మెల్లగా పెంచితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచించింది. అంతా ఒక్కరోజులో అందుకోనక్కరలేదు. మొదటి వారం ఒక పూట కాస్త పాలకూర పప్పు, సగం జామపండు చాలు. పై వారం మరికొంత. పచ్చివాటికన్నా ముందు ఉడికినవి తినాలి. నీళ్లు తగ్గితే ఈ పీచే మలబద్ధకం తెస్తుంది. షిఫ్టులో నీళ్లు తాగడం మానేవారు ఇది మరవొద్దు. రంజాన్‌లో పండ్లన్నీ ఇఫ్తార్‌లోనే తినేయకుండా కొన్ని తరావీహ్ తర్వాతకు ఉంచుకుందాం.

మలంలో రక్తం, తగ్గని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్లాలి. షుగర్, కిడ్నీ జబ్బులున్నవారు ఏ పండ్లు ఎంత తినాలో ముందే డాక్టరును అడగాలి.

మిగతావారికి మా మనవి ఒక్కటే: మానకండి, మెల్లగా పెంచండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.